గోడ దాటిన అత్తగారు

మెలో,
నవంబరు మొదటి ఆదివారం.

చిరంజీవి విల్మార్‌కి,

మీ వదిన ఒర్తెన్సియా దీవించి రాసేది. ఇక్కడ నేనూ, కోళ్ళూ, ఇంటి పైకప్పూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ నడుమూ, నీ రేడియో ప్రోగ్రామూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నాకు సగం మాటే వినబడుతుంది, అదీ నువ్వు నీ గురించి చెప్పుకునే సగం. ఉత్తరమైతే నేను చెప్పేది నువ్వు వింటావు.

నేరుగా విషయానికొస్తాను. నా వేళ్ళ కీళ్ళు పచ్చి వేరుశనక్కాయల్లా ఉబ్బిపోయాయి. మీ అన్నయ్య అన్సెల్మో పోయినప్పట్నించీ, అంటే రెండు చలికాలాలుగా, అకార్డియన్ ముట్టుకోలేదు. ఇప్పుడు జూన్‌లో మన క్లబ్బుకి వందేళ్ళు నిండుతున్నాయి. ఆ పండగలో డాన్సుకి మొదటి పోల్కా పాట నేనే వాయించాలట. నా వల్ల కాకపోతే మీట నొక్కితే పాడే యంత్రం తెప్పిస్తారట. మా అమ్మ వాయించిన చోట, నేను మీ అన్నయ్యని మొదటిసారి చూసిన చోట, యంత్రమా! నా కళ్ళ ముందు అది జరగనివ్వను.

మందుల షాపావిడ చెప్పింది, గంజాయి పూత కొవ్వులో కాచి వేళ్ళకి రాస్తే మంచిదని. సరే, చట్టం ఎలాగూ ఒప్పుకుంటోంది కదా అని పెంచుకునే అనుమతికి పోస్టాఫీసులో పేరు రాయించుకుని విత్తనాలు నాటాను. చీమలు తిన్నవి తినగా ఒక్క మొక్క మిగిలింది. మిగిలింది కదా, ఇక ఆగడం లేదు! నిన్న మోకాలు దగ్గరుంది, ఇవాళ నడుం దాటింది. చూస్తుంటే ముచ్చటేస్తోంది, భయమూ వేస్తోంది. నా పెరటి గోడ నా తల ఎత్తే. వేసవి పోయి మార్చిలో పూత కాలం వచ్చిందంటే ఈ ఊళ్ళో గోడ మీద తల కనబడ్డ మొక్క దొంగల పాలై తెల్లారేసరికి ఉండదు.

పైగా గోడ అవతల ఉన్నదెవరో నీకు తెలుసు. రిటైరైన ఇన్‌స్పెక్టర్ బెంతంకుర్. చట్టం ఒప్పుకోని ఆ రోజుల్లో మీ అన్నయ్య మొక్కజొన్నల మధ్య దాచిన గంజాయి మొక్కల్ని పీకించి తగలబెట్టిన మహానుభావుడు.

మొక్క గోడ దాటకూడదు, పూత తగ్గకూడదు. దారి చెప్పు.

దీవెనలతో,
ఒర్తెన్సియా

తా.క.: మొక్కకి దెయోలిందా అని మీ అమ్మ పేరు పెట్టాను. పొడుగు, నిటారు, ఎవరి మాటా వినదు. నొచ్చుకోకు.


మొంతెవిదేయో,
నవంబరు.

పూజ్యురాలైన వదినగారికి,

మీ మరిది విల్మార్ నమస్కరించి రాసే సంగతులు. నొచ్చుకున్నాను. కానీ మొక్క ముందు మనిషి నొప్పి లెక్కలోకి రాదు గనుక వెంటనే జవాబు రాస్తున్నాను.

సరైన మనిషినే అడిగారు. మా పెంపకందార్ల సంఘంలో నన్ను అందరూ "కొలబద్ద" అంటారు. నా మేడ మీద మొక్కలన్నీ నా బొడ్డు దగ్గర ఆగి, ఇంకేం ఆజ్ఞ అన్నట్టు నిలబడతాయి. ఇక మీ సంగతి. పొడుగు అనేది జబ్బు కాదు వదినా, వెతుకులాట. వెలుతురు చేతికందేంత దూరంలో ఉంటే ఈ మొక్క గుబురుగా, హాయిగా కూర్చుంటుంది. అందకపోతే మెడ సాచి వెతుక్కుంటుంది. కొంత వంశాన్ని బట్టి, కొంత నాటిన నెలని బట్టి, కొంత వేరుకి దొరికిన చోటుని బట్టి ఉంటుంది. మీరు తొందరపడి ముందుగా నాటారు, పైగా కుండీలో కాక నేలలో నాటారు. అమ్మకి ఊరంత చోటిస్తే ఊరుకుంటుందా?

ఇప్పుడు చెయ్యాల్సిందల్లా తల తుంచడమే. నడినెత్తిన ఉన్న లేత చిగురుని గోటితో తుంచెయ్యండి. పైకి పోయే బలం పక్కలకి తిరుగుతుంది. భయపడకండి, దానికి నొప్పి ఉండదు.

ఆదివారం పొద్దున్న నా "తోటకి రండి" ప్రోగ్రాం వినండి. దేశమంతా వింటోంది.

మీ
విల్మార్

తా.క.: మా అమ్మ తల తుంచమని నా చేతులతో నేనే రాయాల్సొచ్చింది. ఈ పాపం మీది.


మెలో,
డిసెంబరు.

చిరంజీవి విల్మార్‌కి,

మీ వదిన దీవెనలు. అత్తగారి తల తుంచాను. నిజం చెప్తున్నాను, ఈ ఇంట కోడలిగా అడుగుపెట్టిన నాటినుంచి ఇంత తృప్తిగా ఏ పనీ చెయ్యలేదు.

ఆ తృప్తి వారం నిలిచింది. తుంచిన చోట ఒక తల పోయి రెండు తలలు లేచాయి. ఒక అత్తగారితోనే జీవితమంతా సరిపోయింది, ఇప్పుడు నాకు ఇద్దరా? రెండూ పోటీపడి నా గడ్డం దాకా వచ్చేశాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. అందంగా ఉంది విల్మార్. పొద్దున మాతె ఆకుల టీ పోసుకుని దాని పక్కన కూర్చుంటే ఆకు మీద ఎండ పడి, చేతివేళ్ళు చాపినట్టు ఉంటుంది ఒక్కో ఆకూ. నా వేళ్ళు కూడా ఒకప్పుడు అలాగే చాపుకునేవి. దాన్ని చూస్తుంటే కళ్ళు తడుస్తాయి, ఎందుకో తెలీదు.

బెంతంకుర్ ఎత్తుపీట వేసుకుని గోడ మీంచి చూస్తున్నాడు. నేను చూడగానే దిగిపోయాడు. నిన్న టేపు తెచ్చి గోడ కొలిచాడు. పోలీసువాడి చూపు రిటైరవుతుందా?

మళ్ళీ దారి చెప్పు.

దీవెనలతో,
ఒర్తెన్సియా

తా.క.: నీ ప్రోగ్రాం వినలేదు, నా రేడియో పాడైంది. ఆదివారాలు గోడ అవతలి రేడియో మాత్రం ఊరంతా వినేట్టు పెడతాడు ఆ బెంతంకుర్. మాటలు తెలియవు గానీ, ఎవడో డబ్బాలో ఇరుక్కున్న పిల్లిలాంటి గొంతువాడు, తన గొంతు తనే విని మురిసిపోతుంటాడు. కిటికీ మూసుకుంటాను.


మొంతెవిదేయో,
డిసెంబరు, పండగ ముందు.

పూజ్యురాలైన వదినగారికి,

నమస్కారాలు. రెండు తలలు లేచినందుకు మీరు ఏడుస్తున్నారు, నేను చప్పట్లు కొడుతున్నాను. తుంచితే చచ్చిపోయే మొక్కలు చాలా ఉన్నాయి. తుంచితే రెండింతలై లేచేది ఇది. నేనీ మొక్కని ప్రేమించేది అందుకే.

ఇప్పుడు రెండో విద్య, వంచడం. కాండం పచ్చగా ఉండగానే వంచాలి, ముదిరితే విరుగుతుంది. మెత్తటి గుడ్డతో కట్టి, రోజుకి కొంచెం చొప్పున పక్కకి లాగి మేకుకి బిగించండి. లాగినట్టు దానికి తెలియకూడదు. మనుషుల్ని మార్చేదీ అలాగే కదా!

ఆ బెంతంకుర్ లాంటివాళ్ళు ఈ దేశంలో ఉన్నారు, వాళ్ళకి పూర్తిగా ఎదురు మనుషులూ ఉన్నారు. మొన్న ఆదివారం ప్రోగ్రాంకి ఒకాయన ఫోన్ చేశాడు. పేరు చెప్పలేదు. "ఒక విలువైన మొక్క ఉందండీ, గోడ మీంచి నలుగురి కళ్ళూ పడుతున్నాయి, ఏం చెయ్యమంటారు?" అని ఎంత మర్యాదగా అడిగాడనుకున్నారు! ఏం మొక్క అంటే నసిగాడు. ఆ సిగ్గు చూసి ఏదో అపురూపమైన గులాబీ అనుకున్నాను. గోడని నాలుగు వరసలు పెంచమన్నాను. మూడుసార్లు దండాలు పెట్టాడు. మొక్కంటే అంత ప్రాణం! మీ పక్కింట అలాంటివాడుంటే ఎంత బాగుండేది.

మీ
విల్మార్

తా.క.: డబ్బాలో పిల్లి అన్నారే, అలాంటి గొంతుల్ని మా రంగంలోకి ఎవరు రానిస్తున్నారో తెలియడం లేదు.


మెలో,
జనవరి.

చిరంజీవి విల్మార్‌కి,

మీ వదిన దీవెనలు. మీ అన్నయ్య మెడపట్టీలన్నీ, అదే ఆ టైలన్నీ, తీసి అత్తగారిని నాలుగు పక్కలకీ కట్టాను. నీలంరంగుది మా పెళ్ళినాటిది. కొడుకు మెడపట్టీతో తల్లిని కట్టినా ఆవిడ కదల్లేదు. లొంగిందనుకున్నాను. వంగిన కొమ్మ మీద ప్రతి కణుపు దగ్గరా ఒక పిల్ల లేచి, బడి గంట కొట్టినట్టు వరసగా నిలబడింది. ఇప్పుడు ఎంతమంది అత్తగార్లో లెక్కపెట్టడం మానేశాను.

అయినా అంతా గోడ కిందే ఉంది. నువ్వు చెప్పింది నిజమే, నీకు విద్య తెలుసు అనుకుంటుండగా అసలు పిడుగు పడింది.

బెంతంకుర్ గోడ పెంచుతున్నాడు! ఇటుకలు తెప్పించాడు, తనే తాపీ పట్టాడు. పొద్దుటి ఎండ అటునుంచే రావాలి. నాలుగు వరసలు లేచేసరికి పెరట్లో మధ్యాహ్నం దాకా నీడే. "ఏమిటండీ ఇది?" అని అరిచాను. "మంచికేనమ్మా" అన్నాడు గోడ వెనకనుంచి, మొహం చూపించకుండా. మీ అన్నయ్య మొక్కలు పీకిన రోజునా ఇదే మాట అన్నాడు.

నీడ పడ్డ పది రోజులకే దెయోలిందా తాళ్ళు తెంచుకుంది. మెడపట్టీలు పీలికలయ్యాయి. కొత్త గోడని కూడా దాటేసేలా ఉంది. కాండం సన్నబడి, కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు ఎడం.

నిన్న వానపడితే ఆనవాయితీ ప్రకారం కొవ్వులో రొట్టెలు వేయించి వీధిలో అందరికీ పళ్ళెం పంపాను. ఆ ఇంటికి తప్ప.

కోపంతో,
ఒర్తెన్సియా

తా.క.: వాసన మాత్రం అటే వెళ్ళేట్టు పొయ్యి గోడ పక్కన పెట్టాను.


మొంతెవిదేయో,
జనవరి.

పూజ్యురాలైన వదినగారికి,

మీ ఉత్తరం చదివి మాతె పక్కన పెట్టేశాను. వదినా, ఇది మామూలు పగ కాదు. ఇది చదువుకున్న పగ.

మొక్కని పొడుగు పెంచాలంటే ఏం చెయ్యాలని నన్నెవరైనా అడిగితే నేను చెప్పే మొదటి మాట, నీడలో పెట్టమని. వెలుతురు కోసం అది ఒళ్ళంతా ఖర్చుపెట్టి పైకి పాకుతుంది. ఆ బెంతంకుర్ మీ గోడ మీద మొక్క తల కనబడాలని, దొంగల పాలవ్వాలని, చేయి తాకకుండా తాపీతో దాడి చేస్తున్నాడు. మనిషి దుర్మార్గుడే గానీ బుర్రకి మాత్రం టోపీ తీస్తున్నాను. ఇన్నేళ్ళ సేద్యంలో ఇంత తెలివైన శత్రువు నాకు తగల్లేదు.

మీరు బెదరకండి. ఎదురుదెబ్బ ఇదిగో. మీవైపు గోడకి తెల్లగా సున్నం కొట్టండి. పడ్డ కాస్త ఎండా గోడ మీంచి మొక్క మీదకి తిరిగొస్తుంది. వెలుతురు దగ్గర్లోనే ఉందని అమ్మకి ధైర్యం చిక్కుతుంది, పరుగు తగ్గిస్తుంది.

మీ
విల్మార్

తా.క.: మన గులాబీ పెద్దమనిషి మళ్ళీ ఫోన్ చేశాడు. గోడ పెంచాడట, ఇప్పుడు కుర్రకారు "అంత గోడ వెనక ఏముందో" అని నిచ్చెనలేసి చూస్తున్నారట. రాత్రంతా మొక్క మీద పెద్ద దీపం వెలిగించమన్నాను, దొంగ దగ్గరికి రాడు. "మీరు చల్లగా ఉండాలి" అన్నాడు. ఒక్కోసారి నా బతుకుకి అర్థం ఉందనిపిస్తుంది వదినా.


మెలో,
మార్చి.

చిరంజీవి విల్మార్‌కి,

మీ వదిన దీవెనలు. సున్నం వేశాను. నా వేళ్ళతో బ్రష్షు పట్టుకుని వేశాను, అది నీకు అర్థమవుతుందనుకుంటాను. పరుగు కాస్త తగ్గింది కూడా.

అది చూసి ఓర్చుకోలేకపోయాడు. గోడ నెత్తిన దీపం బిగించాడు, ఫుట్‌బాల్ మైదానంలో పెట్టేలాంటిది. పొద్దుగూకగానే వెలుగుతుంది, తెల్లారేదాకా ఆరదు. నా తెల్ల గోడ మీద పడి పెరడంతా పట్టపగలులా ఉంది. కోళ్ళకి మతి పోయింది, కోడిపుంజు నిద్ర మానేసి తనతో తనే మాట్లాడుకుంటోంది.

విల్మార్, అసలు బాధ వేరే. ఊళ్ళో అందరి మొక్కలూ మొగ్గ తొడిగాయి. మందుల షాపావిడ మొక్క జానెడుంటుంది, నిండా పూతే. నా దెయోలిందా కొత్త గోడని కూడా దాటి దీపంతో మాట్లాడుతోంది, ఒక్క మొగ్గ లేదు. ఆకు, ఆకు, ఆకు. చలి పడేలోగా పూయకపోతే ఇక పూయదు. పూయకపోతే జూన్‌కి మందు లేదు, పోల్కా లేదు. క్లబ్బువాళ్ళు యంత్రం బేరమాడుతున్నారని విన్నాను.

నిన్న రాత్రి అకార్డియన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మొదటి మీట నొక్కగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ మూసేశాను.

నేను ముసలిదాన్ని కాబట్టి రాయి విసిరితే తగలదని ఊరుకున్నాను. లేకపోతే ఆ దీపం ఈపాటికి ఉండేది కాదు.

ఒర్తెన్సియా

తా.క.: రెండు రాళ్ళు విసిరాను. ఒకటి నా కోడికే తగిలింది. బతికే ఉంది.


మొంతెవిదేయో,
మార్చి.

పూజ్యురాలైన వదినగారికి,

ఇక సహించేది లేదు.

వదినా, ఈ మొక్కకి క్యాలెండరంటే చీకటే. వేసవి గడిచి రాత్రులు పొడుగవుతుంటే అది కూర్చుని ఆ చీకటిని కొలుచుకుంటుంది. చాలినంత చీకటి వచ్చిందని నమ్మకం కుదిరాక పైకి పాకడం మాని పూతకి దిగుతుంది. గడియారం లేదు, చదువు లేదు, ఎవరూ చెప్పరు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ప్రతి మార్చిలోనూ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. దానికి రాత్రంతా దీపం చూపిస్తే ఇంకా నడివేసవే అనుకుని పెరుగుతూనే ఉంటుంది. ముందు నీడ, తరవాత దీపం! పొడుగు పెంచే రెండు ఉపాయాలూ వాడేశాడు. ఈ విద్య వాడికి ఎవరు నేర్పారో గానీ, ఆ గురువు నాకు దొరికితే చెవి మెలిపెడతాను.

నేను నిర్ణయించుకున్నాను. ఈ ఉత్తరం మీకు చేరేలోపే, వచ్చే ఆదివారం నా ప్రోగ్రాంలో దేశమంతా వినేట్టు ఆ మనిషి పేరు చెప్తాను. మెలో ఊళ్ళో బెంతంకుర్ అనే రిటైర్డ్ పోలీసు ఒక విధవరాలి మొక్కని ఎలా హింసిస్తున్నాడో విడమరచి చెప్తాను. పరువున్నవాడైతే ఆ పూటే దీపం ఆర్పుతాడు.

మీ కోసం యుద్ధానికి దిగిన
విల్మార్

తా.క.: గులాబీ పెద్దమనిషి బస్సులో నాకు మెంబ్రీజో పండు హల్వా డబ్బా పంపాడు! పేరు రాయలేదు, ఎంత వినయం. డబ్బా మీద మెలో బస్టాండు చీటీ ఉంది. అంటే మీ దగ్గరివాడే. వెతికి పట్టుకుని స్నేహం చేసుకోండి వదినా. ఆ బెంతంకుర్‌కి బుద్ధి చెప్పాలంటే అలాంటి మనిషే కావాలి.


మొంతెవిదేయో,
మే.

వదినా,

ఏమైంది? మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నా ప్రసంగం ఎలా ఉంది? ఇక్కడ ముగ్గురు ఏడ్చారు. "రాక్షసుడు" అన్నచోట గొంతు కొంచెం వణికింది, అది కావాలని చేసిందే. దీపం ఆరిందా? మొగ్గ వచ్చిందా? కోడి ఎలా ఉంది?

గులాబీ పెద్దమనిషి కూడా ఫోన్లు మానేశాడు. హల్వా అయిపోయింది. ఏదో దిగులుగా ఉంది.

విల్మార్

తా.క.: కనీసం తిట్టయినా ఒక ముక్క రాయండి.


మెలో,
జూన్ ఆఖరు.

చిరంజీవి విల్మార్‌కి,

మీ వదిన ఒర్తెన్సియా దీవించి రాసేది. నీ మీద కోపం తగ్గడానికి ఇన్నాళ్ళు పట్టింది. తగ్గాక నవ్వొచ్చింది, నవ్వు ఆగాక రాస్తున్నాను.

ఆ ఆదివారం పొద్దున గోడ అవతల ఎప్పట్లాగే రేడియో మోగింది. కిటికీ మూయబోతుంటే అందులోంచి "బెంతంకుర్" అన్న మాట వినబడింది. గోడ దగ్గరికెళ్ళి చెవి ఆనించాను. డబ్బాలో పిల్లి నా దెయోలిందా గురించి చెప్తోంది, నా వేళ్ళ గురించి చెప్తోంది. ఆ పిల్లివి నువ్వే విల్మార్! ఇంతకాలం నీ గొంతు మీదే కిటికీ మూసుకున్నాను. "రాక్షసుడు" అనగానే అటువైపు రేడియో టక్కున ఆగిపోయింది. కాసేపటికి దీపం తీగ ఊడబీకిన చప్పుడు.

తరవాత నా వీధి తలుపు తట్టారు. తీస్తే బెంతంకుర్. చేతిలో టోపీ. మొక్కలు పీకిన రోజు తరవాత ఆయన ఈ గడప దగ్గర నిలబడటం అదే మొదటిసారి.

"కూర్చోమనక్కర్లేదమ్మా. రెండు ముక్కలు చెప్పి పోతాను," అన్నాడు.

"చెప్పండి."

"గోడ పెంచమన్నది ఆ రేడియో ఆయనే. దీపం పెట్టమన్నదీ ఆయనే. ఇవాళ నన్ను రాక్షసుడన్నదీ ఆయనే. ఇప్పుడు నేనేం చెయ్యాలో మళ్ళీ ఆయనకే ఫోన్ చేసి అడగనా?"

నీ ఉత్తరాలు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గులాబీ పెద్దమనిషి! గురువు చెవి మెలిపెడతానన్నావు కదా, అద్దం ముందుకెళ్ళి నిలబడు.

"ఏం మొక్కో ఆయనకి చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు కదండీ," అన్నాను.

"ఎలా చెప్పమంటారు? పాతికేళ్ళు ఆ పేరు కేసు కాగితాల మీద రాసినవాణ్ణి. చట్టం మారింది గానీ నాలుక మారలేదమ్మా. నోటిదాకా వచ్చేది, అక్కడ ఆగిపోయేది. పైగా దేశమంతా వింటోందాయె."

"మరి నాకు చెప్పొచ్చు కదా?"

"మీరు నా మొహమే చూడరు. గోడకి సున్నం కొట్టారు చూడండి, ఆ రోజు మాత్రం మీకు గోడ నచ్చిందనుకున్నాను. ఆ ధైర్యంతోనే దీపం పెట్టాను."

"అసలు మీకెందుకండీ ఈ శ్రమంతా?"

టోపీ అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"ఆదివారం పొద్దున మీరు వాయిస్తుంటే గోడ ఇవతల కూచుని మాతె తాగేవాణ్ణి. నా భార్య ఉన్నప్పుడు ఇద్దరం వినేవాళ్ళం. ఆవిడ పోయాక ఒక్కణ్ణే వినేవాణ్ణి. రెండేళ్ళుగా మీ పెట్టె మోగలేదు. ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయిందని ఆ రేడియో పెట్టుకున్నాను. మందుల షాపులో విన్నాను, ఈ మొక్క మీ వేళ్ళ కోసమని. ఒకప్పుడు మీ ఇంటివి పీకాను. ఇదొక్కటైనా నిలబెడదామనుకున్నాను."

లోపలికి రమ్మని చెయ్యి చూపించాను.

పెరట్లోకి తీసుకెళ్ళాను. దెయోలిందా ముందు నిలబడి కిందనుంచి పైదాకా చూశాడు, మెడ వెనక్కి వాలిపోయేంత పైకి. "పీకాల్సిన పని లేకుండా ఈ మొక్కని చూడటం ఇదే మొదలు," అన్నాడు. "ఎంత అందంగా ఉందమ్మా ఇది!" మీ అన్నయ్య కూడా ఒకప్పుడు మొక్కజొన్నల మధ్య నిలబడి ఇదే మాట అన్నాడు. ఆ మాట ఈయనకి చెప్పాను. తరవాత మాతె పోశాను.

చీకటి తిరిగొచ్చింది. నువ్వు రాసినట్టే, అది చీకటిని కొలుచుకుంది, నమ్మకం కుదిరాక పైకి పాకడం ఆపేసి పూతకి దిగింది. కాలం మించిపోయినా దిగింది. చలి గట్టిగా పడేలోపు ఆయన నిచ్చెన పట్టుకుంటే నేనెక్కి పైకొమ్మలు కోశాను, కాదు, నన్నెక్కనివ్వలేదు, ఆయనే ఎక్కాడు, నేను కింద నుంచుని తిట్టాను. కొత్త వరసల ఇటుకలు దించేసి వాటితో మాంసం కాల్చే పొయ్యి కట్టాడు. గోడ మళ్ళీ నా తల ఎత్తుకి వచ్చింది. వాన పడ్డ రోజు రొట్టెల పళ్ళెం ముందు ఆ ఇంటికే వెళ్ళింది. ఖాళీ పళ్ళెం తిరిగి పంపకూడదని మెంబ్రీజో హల్వా పెట్టి పంపాడు, నువ్వు తిన్నదే.

ఆ పూత కొవ్వులో కాచి వేళ్ళకి రాసుకుని, క్లబ్బులో మొదటి పోల్కా వాయించాను. మందు పనిచేసిందో, ఎవరో వింటున్నారన్న మాట పనిచేసిందో నాకు తెలియదు, అక్కర్లేదు. నడుమ రెండుచోట్ల తప్పాను. ముందు వరసలో బెంతంకుర్ కూర్చున్నాడు. తప్పినచోట కూడా తలూపాడు. ఇంటికొచ్చాక చేతులు నొప్పెట్టాయి, ఆ నొప్పి కూడా నాకు ముద్దొచ్చింది.

మీ అమ్మ గురించి ఒక మాట. ఆవిడ బతికున్నంతకాలం ఆ పొడుగు చూసి భయపడి తల దించుకునే తిరిగాను. ఇప్పుడు ఆవిడ పేరు పెట్టుకున్నదాన్ని తుంచాను, వంచాను, కట్టాను. ఆవిడ చేసిందల్లా తనకి కావలసిన వెలుతురు వైపు పెరగడమే. ఆ మాట ఆవిడకి చెప్పి ఉండాల్సింది. నువ్వు ఆవిడ సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడు నా తరఫున చెప్పు.

దీవెనలతో,
మీ వదిన
ఒర్తెన్సియా

తా.క.: బెంతంకుర్ గారు నీ మీద కేసు పెట్టనన్నారు. దేశమంతా వినేట్టు క్షమాపణ చెప్తే చాలట. "రాక్షసుడు" అన్నచోట గొంతు వణికించినట్టే అక్కడా వణికించు.

ఇంకో తా.క.: వచ్చే అక్టోబరులో తనూ ఒకటి నాటుతారట, పోస్టాఫీసులో పేరు కూడా రాయించుకున్నారు. కౌంటరు దగ్గర నిలబడి మొక్క పేరు పైకి గట్టిగా చెప్పారు, ఊళ్ళో అందరూ అదే చెప్పుకుంటున్నారు. గోడ దాటకుండా పెంచడం ఎలాగని అడుగుతున్నారు. ఫోన్ వస్తే నువ్వు ఎత్తకు. నేను చెప్తాను.